తాళం లేని పంజరం

అనగనగా ఒక రాజు. ఆయన పేరు కీర్తిసేనుడు. ఆయనకు ముత్యాల్లాంటి ముగ్గురు కొడుకులు. అన్నీ ఉన్నాయి గానీ రాణి లేదు. ఆ మహాతల్లి జబ్బుచేసి కన్నుమూసింది. అప్పటినుంచి రాజు కొలువుకు రాడు. రాణి గదిలో కూర్చుని, "ఒక్కసారి ఆమె గొంతు వింటే చాలు" అంటాడు. రాజే అలా కూలబడితే రాజ్యం ఏం బాగుపడుతుంది, మీరే చెప్పండి!

ఏడు సముద్రాల అవతల కంకాళుడనే మాంత్రికుడి దగ్గర ఒక చిలుక ఉందనీ, అది పోయినవాళ్ళ గొంతుతో మాట్లాడుతుందనీ ఎవరో చెప్పారు. "నేను తెస్తాను నాన్నా" అని పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. "అన్ననూ చిలుకనూ తెస్తాను" అని నడిమివాడు వెళ్ళాడు, వాడూ రాలేదు. ఇక మిగిలింది చిన్నవాడు మణిసేనుడు. "నాకు చిలుక వద్దు, అన్నలు కావాలి" అని బయలుదేరాడు. అలా అన్నాడే గానీ, అమ్మ గొంతు అనగానే వాడి గుండె మాత్రం ఝల్లుమనలేదా ఏం?

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. మణిసేనుడు దాన్ని తిరగేసి నీళ్ళలో వదిలాడు.

"చల్లగా ఉండు నాయనా! నా వీపెక్కు" అంది తాబేలు.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడు దాటారు, అలా అలా ఏడూ దాటారు. దారిలో తాబేలు చెప్పింది: "ఆ మాంత్రికుడి ప్రాణం చిలుకలోనే ఉంది. దాన్ని చంపనక్కర్లేదు. పంజరం తలుపు తీసి వదిలేస్తే చాలు, వాడి పని సరి. ఆ తలుపుకు తాళం కూడా లేదు."

"తాళమే లేకపోతే ఇంతమంది వెళ్ళి ఎందుకు తీయలేదు?"

"తీస్తే ఆ గొంతు మళ్ళీ వినపడదు కదా బాబూ! అందుకని వింటూ కూర్చుంటారు. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే రాయైపోతారు. వాళ్ళ ఆయుష్షంతా వాడికి చేరుతుంది."

మాంత్రికుడి కోటలో పంజరం చుట్టూ ఎందరో కూర్చుని ఉన్నారు. పెద్దన్న మెడదాకా రాయి, చిన్నన్న నడుందాకా రాయి. ఇద్దరి ముఖాల్లోనూ చిరునవ్వు. వాళ్ళ ముందు నుంచి ఒక అమ్మాయి నిండు విస్తళ్ళు తీసేస్తోంది. ఆమె ఏదో దేశపు రాజకుమార్తె. మాంత్రికుడు ఎత్తుకొచ్చి తన వంటకు పెట్టుకున్నాడు.

"పాపం, తింటారేమోనని వీళ్ళకూ వడ్డిస్తాను. ఒక్కరూ ముద్ద ముట్టరు" అంది ఆమె.

ఉయ్యాల బల్ల మీద కూర్చున్న కంకాళుడు పకపకా నవ్వాడు. "నువ్వూ వచ్చావా? తలుపు తీసుకో, ఎవరు వద్దన్నారు?"

మణిసేనుడు పంజరం మీద చెయ్యి వేశాడు. "బుజ్జితండ్రీ!" అంది చిలుక. అచ్చం అమ్మే! చెయ్యి జారిపోయింది. "ఎండలో తిరగకురా, కందిపోతావు" అంది చిలుక. మణిసేనుడు కూలబడిపోయాడు. పాదాలు చల్లబడి రాయవుతున్నా వాడికి పట్టలేదు. మూడోసారి, "అన్నం తిన్నావా నాన్నా?" అంది చిలుక.

"లేదమ్మా. చాలా దూరం నుంచి వచ్చాను, ఆకలేస్తోంది" అన్నాడు ఏడుస్తూ.

"అన్నం తిన్నావా నాన్నా?"

"తినలేదమ్మా!"

"అన్నం తిన్నావా నాన్నా?"

మణిసేనుడు తలెత్తి చూశాడు. బిడ్డ ఆకలన్నాక మళ్ళీ అదే మాట అడిగే తల్లి ఎక్కడైనా ఉంటుందా? అమ్మే అయితే ఈపాటికి కొంగు దోపుకుని వంటింట్లోకి పరిగెత్తేది. గొంతు అమ్మదే, అమ్మ మాత్రం లేదు.

అంతలో వాడి ముందు ఒక విస్తరి పడింది. "ఆకలన్నారు కదా" అంటూ ఆ అమ్మాయి వేడి వేడి అన్నం, పప్పు వడ్డించి నెయ్యి వేసింది. మణిసేనుడు కన్నీళ్ళతోనే ఒక ముద్ద కలిపి తిన్నాడు. పాదాల్లోకి వెచ్చదనం పాకింది. లేచి నిలబడ్డాడు.

మాంత్రికుడి నవ్వు ఆగిపోయింది. "ఒరే! తలుపు తీశావంటే ఈ జన్మలో మీ అమ్మ గొంతు వినలేవు!"

"తెలుసు. అందుకే ఏడుస్తున్నాను" అని మణిసేనుడు తలుపు తీశాడు.

చిలుక కాసేపు తటపటాయించింది. తర్వాత కీ కీ అని తన సొంత గొంతుతో అరిచి, ఎగిరిపోయింది. ఉయ్యాల బల్ల మీద గుప్పెడు బూడిద మిగిలింది. రాళ్ళన్నీ మనుషులై లేచి, "అబ్బ, ఎంత ఆకలో!" అన్నాయి.

"ఇంతమందికీ నేనొక్కదాన్నే వండాలా?" అంది ఆ అమ్మాయి.

"కూరలు నేను తరుగుతాను" అన్నాడు మణిసేనుడు.

తాబేలు అందరినీ ఇవతలి ఒడ్డుకు చేర్చింది. కొడుకులు ముగ్గురూ రాణి గదిలోకి రాగానే రాజు, "చిలుకేది?" అన్నాడు.

"వదిలేశాను నాన్నా" అన్నాడు మణిసేనుడు.

రాజు కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మ ఏమంది?"

"అన్నం తిన్నావా అంది."

రాణి పోయిన రోజున కూడా ఏడవని రాజు బావురుమన్నాడు. కొడుకులను దగ్గరికి తీసుకుని కరువుతీరా ఏడ్చాడు. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని చూస్తే, గడప దగ్గర ఒక కొత్త అమ్మాయి నిలబడి ఉంది. వచ్చి ఎంతసేపయిందో పాపం!

"నీ పేరేమిటి తల్లీ?" అన్నాడు రాజు, రాణి గది దాటి బయటికి వస్తూ.

"కనకవల్లి అండీ" అంది ఆమె.

కనకవల్లికీ మణిసేనుడికీ ఆకాశమంత పందిరి, భూదేవంత పీట వేసి పెళ్ళి చేశారు. రాజు కొలువుకెక్కాడు. ఆయన తర్వాత అన్నదమ్ములు కలిసిమెలిసి చాలాకాలం రాజ్యం ఏలారు. కథ సముద్రం దాటిపోయింది, మనం మన పక్కలెక్కుదాం పదండి.