చెంబెడు నీళ్లు

దస్తగిరికి తుమ్ములు ఆగడం లేదు. రేపే ఉరుసు. గంధం గిన్నె నెత్తిన పెట్టుకుని కొండమీది దర్గాకి మెట్లెక్కాల్సింది ఈ ఏడు అతనే. పదకొండేళ్లు దర్గా చూసుకునే మౌలాలి స్వామి దగ్గర ఊడ్చి, నీళ్లు మోసి, సాంబ్రాణి వేసి సంపాదించుకున్న వంతు అది.

ఆ సాంబ్రాణి పొగే ఇప్పుడు పగబట్టింది. తగిలితే చాలు, ముక్కు ధార కడుతుంది. అరగదీస్తున్న గంధం మీద తుమ్ము పడితే ఆ ముద్దంతా చెట్టు మొదట్లో పోసేయాలి, అక్కడి కట్టుబాటు అది. అప్పటికే మూడు ముద్దలు వేపచెట్టు పాలయ్యాయి. ఆ చెట్టుదేం భోగమో!

టౌనులో డాక్టరమ్మ ముక్కులో కొట్టుకునే స్ప్రే ఇచ్చింది. "పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఒక్కో రంధ్రంలో ఒక్కసారే నొక్కు. తల కాస్త ముందుకు వంచి మెల్లగా పీల్చు. మత్తుగా ఉంటే బండెక్కొద్దు, ఎత్తులెక్కొద్దు" అని రెండుసార్లు చెప్పింది. దస్తగిరి రెండుసార్లూ తలూపాడు. తలూపడానికేం పోయింది! ఇంటికొచ్చి, తుమ్ము వచ్చినప్పుడల్లా కొట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి, గంధం తీసే సాన ముందు కూర్చున్నవాడికి లోకమంతా మెత్తబడింది. కొండ దగ్గరికొచ్చి మళ్లీ వెనక్కి పోతోంది. పావురాల రెక్కల చప్పుడు నీళ్లలోంచి వినిపిస్తోంది. చేతిలో గంధపు చెక్క తనంతట తనే తిరుగుతోందనుకున్నాడు. నిజానికి అది ఆగిపోయి చాలాసేపైంది. మన దస్తగిరి సాన పక్కనే చెయ్యి తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు.

"దస్తగిరీ."

కళ్లు తెరిస్తే ఎదురుగా స్వామి.

"నోరంతా చేదు సామీ" అన్నాడు, లేచి కూర్చుంటూ.

"ఆ మందు ఎట్ల కొట్టుకుంటివో చూపించు. నొక్కొద్దు, ఊరికే చూపించు."

దస్తగిరి గడ్డం పైకెత్తాడు. కళ్లు మూసుకుని పొట్టలోకి దిగేలా గట్టిగా ఎగబీల్చాడు. గంధం నాణ్యం చూసేవాళ్లు మణికట్టు మీద చుక్క రాసుకుని అట్లాగే పీలుస్తారు. నేర్పింది స్వామే.

స్వామికి నవ్వాగలేదు. "ఓరి పిచ్చోడా! మందుకీ గంధం మర్యాదే చేస్తివా? ముక్కులో ఉండాల్సింది గొంతులోకి పాయె, ఇంక చేదు కాక ఏముంటాది? ఎన్నిసార్లు కొట్టుకుంటివి?"

"తుమ్మినప్పుడల్లా సామీ. ఎక్కువ కొడితే తొందరగా తగ్గుతాదని."

స్వామి నవ్వు మానేశాడు. పక్కనున్న చెంబు అందుకున్నాడు. సాన మీద చుక్క చుక్కగా వేయాల్సిన నీళ్లు చెంబెడూ ఒక్కసారిగా ఒంపేశాడు. పొద్దుటినుంచి అరగదీసిన గంధం పల్చగా జారి, అరుగు దిగి, మట్టిలో కలిసిపోయింది.

"అయ్యో! ఏం పని సామీ ఇది?" దస్తగిరికి ఏడుపొచ్చేసింది.

"ఎక్కువ పోస్తే ఎక్కువ గంధం వస్తాదేమోనని" అన్నాడు స్వామి.

స్వామి డాక్టరమ్మకి ఫోన్ చేయించాడు. ఈ రోజుకి ఇంక ఒక్క చుక్కా వద్దు, రేపు పొద్దున మామూలు మోతాదే అందామె. సాంబ్రాణి కుంపటి దూరంగా జరిగింది. స్వామి చెక్క పట్టుకున్నాడు, దస్తగిరి ముక్కుకి గుడ్డ కట్టుకుని నీళ్ల చుక్కలు వేశాడు. పొద్దు వాలేసరికి గిన్నె నిండింది.

మర్నాడు పొద్దున స్ప్రే పట్టుకున్న చెయ్యి మధ్యలో ఆగింది. "తల ఎంత వంచాలి సామీ?"

"దర్గా లోపలికి ఎట్ల పోతావు?"

ఆ వాకిలి కొంచెం పొట్టిది. ఎంతటివాడైనా కాస్త వంగే దాటాలి. దస్తగిరి అంతే వంగాడు. ఒక్కో రంధ్రంలో ఒక్కసారి నొక్కి, మెల్లగా పీల్చాడు. చేదు రాలేదు. కాసేపటికి, నాలుగు రోజులుగా ముక్కుకి అందని గంధం వాసన తెలిసింది. ఎంత సంతోషమేసిందో!

మధ్యాహ్నం డప్పులు మోగాయి. జనం దారిచ్చారు. స్వామి గిన్నె ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు.

దస్తగిరి మెట్లవైపు చూశాడు. పైన మెట్లు ఎండలో మెల్లగా ఊగుతున్నాయి. రెప్పలార్పి మళ్లీ చూశాడు. ఊగుతూనే ఉన్నాయి. పదకొండేళ్లు ఎదురుచూసిన మెట్లు.

"సామీ" అన్నాడు. "ఇంకా మత్తుగానే ఉంది. ఎత్తులెక్కొద్దంది డాక్టరమ్మ. నేను ఎక్కను. మీరే మోయండి."

స్వామి గిన్నెను తన నెత్తిన పెట్టుకున్నాడు. మొదటి మెట్టెక్కి వెనక్కి తిరిగాడు.

"ఈడనే నీడలో కూర్చో నాయనా. ఈ ఏడు గంధం మోసింది నువ్వే."