ట్రాక్టరు కాలు

ఓబులేసుకు వచ్చిన చిక్కంతా ఎడమకాలితోనే. చేతులు చెప్పిన మాట వినేవి, కళ్ళు చురుకైనవి, కుడికాలు కూడా బుద్ధిగానే ఉండేది. ఈ ఎడమకాలు మాత్రం క్లచ్చి తొక్కితే నేలలో దిగబడేట్టు తొక్కేది, వదిలితే నిప్పు మీద నుంచి తీసినట్టు తీసేది. కారు ఒక్క ఎగురు ఎగిరి ముందుకు దూకేది, లేదంటే దడదడలాడి ఆగిపోయేది.

పాపం, ఆ కాలి తప్పేముంది లెండి. అది ట్రాక్టరు మీద పెరిగిన కాలు. శనక్కాయ మూటలు నింపిన ట్రాలీ బురదలోంచి కదలాలంటే నిలబెట్టి గేరేసి, చేత్తో ఇంజను రేజు పెంచి, క్లచ్చి ఠపీమని వదలాల్సిందే. ఆ దెబ్బకు ముందు చక్రాలు గాల్లోకి లేచేవి. చూసినవాళ్ళు "ఓబులేసంటే ఓబులేసేరా" అనేవాళ్ళు. పొలిమేరలో చప్పుడు వినబడగానే, వచ్చేది ఎవరో ఊళ్ళో వాళ్ళకు తెలిసిపోయేది. ఆ పేరంటే అతనికి ప్రాణం.

అట్లాంటివాడు కదిరిలో కళ్ళ ఆస్పత్రి కారు తోలే పనికి వచ్చాడు. ఆపరేషనైన ముసలీముతకను పల్లెల్లో వాళ్ళ ఇళ్ళ దగ్గర దించి రావాలి. వాళ్ళకు కుదుపులు తగలకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పేది. ఇన్నాళ్ళూ ఆ కారు తోలింది ఖాదర్ వలి. కదిరిలో చిన్నాపెద్దా అందరికీ ఆయన ఖాదర్ మామే. ఎడమ మోకాలు మొండికేయడంతో ఇక చాలించుకుంటానన్నాడు. "నీ తర్వాత ఎవరు తోలాలో నువ్వే చూసి చెప్పు" అంది డాక్టరమ్మ. ఓబులేసు కంటే ముందు వచ్చినవాళ్ళంతా ఆయన దగ్గర నిలవలేక వెళ్ళిపోయారు.

ఓబులేసు మాత్రం వెళ్ళిపోయే వీల్లేదు. ట్రాక్టరు పని సేద్యమున్నన్నాళ్ళే ఉంటుంది. తక్కిన కాలమంతా బెంగుళూరు పోయి ఇటుకలు మోయాలి. పోయినసారి ఇంటికి వస్తే కూతురు ఎవరో కొత్తాయన వచ్చాడని తల్లి చాటుకు పోయింది. ఈ పని దొరికితే ఇంటి పట్టునే ఉంటాడు, దొరక్కపోతే మళ్ళీ బెంగుళూరు బస్సే.

మొదటి రోజు పొద్దున ఖాదర్ మామ వెనక సీట్లో కూర్చున్నాడు.

"ముందుకు రా మామా, నేర్పించాల గదా" అన్నాడు ఓబులేసు.

"ముందుంటే రోడ్డు కనబడతాది. కనబడితే కుదుపుకు ముందే నేను సర్దుకొని కూచుంటా. ఈడే మేలు. పోనీ."

పోనిచ్చాడు. కారు ఆస్పత్రి గేటు దాటకముందే గంతేసింది. ఖాదర్ మామ నుదురు ముందు సీటుకు తగిలింది. ఆయన టోపీ సర్దుకొని, తలుపు తీసి, మెల్లగా కిందికి దిగాడు.

"ఏమైంది మామా?"

"ఏం కాలేదబ్బీ. నేను నడుస్తా. నువ్వు నా వెనకాల్నే రా. నన్ను దాటొద్దు, నన్ను వదలొద్దు. హారను కొట్టొద్దు."

అని బజారు దారి పట్టాడు. చూడండి ఓబులేసు గతి. ముందు కుంటుకుంటూ ఒక ముసలాయన, వెనక ఖాళీ కారులో దర్జాగా తను. మల్లెపూల అంగళ్ళ దగ్గర ఆడవాళ్ళు మూతికి కొంగులడ్డం పెట్టుకున్నారు. టీ కొట్టాయన ఊరుకోలేదు.

"ఏం ఖాదరూ, కారు పెట్టుకొని కాళ్ళీడుస్తా ఉండావే?"

"డ్రైవరు కుదిరినాడప్పా. అందుకే" అన్నాడు ఖాదర్ మామ.

ఓబులేసుకు ఆ క్షణాన భూమి చీలితే కారుతో సహా దిగిపోవాలనిపించింది. దానికి తోడు కారు ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేసి వదిలితే ముందుకు దూకి, ఖాదర్ మామ పిక్కలకు జానెడు దూరంలో నిలబడింది. ఆయన మాత్రం వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఎవరితోనో పెళ్ళి సంగతులు మాట్లాడుకుంటూ నింపాదిగా సాగిపోయాడు.

ఇట్లా కాదని ఓబులేసు చెప్పులు విడిచేశాడు. ట్రాక్టరు మీద తొడ నుంచి కాలెత్తి తొక్కే అలవాటు. ఇప్పుడు మడమ నేలకానించి, మునివేళ్ళతో క్లచ్చిని కొంచెం కొంచెంగా పైకి రానిచ్చాడు. ఒకచోట ఇంజను గొంతు సన్నగా మారింది, కారు ముక్కు కొంచెం లేచింది. కాలు అక్కడే ఆపాడు. కుడికాలు దేన్నీ ముట్టుకోలేదు. కారు తనంతట తనే ఖాదర్ మామ వెనక కదిలింది.

పోతున్న మనిషి ఊరికే పోడు గదా. సలాముకు నిలబడతాడు, చింతపండు వాసన చూస్తాడు, బేరం కుదరక కదులుతాడు, నొప్పి పుట్టి మోకాలు పట్టుకుంటాడు. ఆయన నిలబడితే కారు నిలబడాలి, కదిలితే కదలాలి. ఓబులేసుకు ఇక బజారు కనబడలేదు, నవ్వేవాళ్ళు కనబడలేదు. ఆ కుంటి నడకే కనబడింది. ఖాదర్ మామ ఇల్లు చేరేసరికి ఓబులేసు చొక్కా చెమటకు తడిసి ముద్దయింది.

"నీ మోకాలు మామా..." అన్నాడు సిగ్గుతో.

"నొస్తాంది. రేపు పొద్దున్నే రా" అన్నాడు ఖాదర్ మామ.

మర్నాడూ అంతే. ఎక్కి కూర్చుంటాడు, కుదుపు తగలగానే దిగి నడుస్తాడు. కోపం లేదు, పాఠం లేదు. అయితే ఆయన దిగే చోటు రోజురోజుకీ దూరం జరిగింది. ఒకనాడు పెట్రోలు బంకు దగ్గర, ఒకనాడు రైలు గేటు దగ్గర, ఇంకొకనాడు ఊరు దాటాక మామిడి తోటల దగ్గర. అంత దూరం నుంచి ఆ మోకాలితో ఆయన నడిచి వస్తుంటే ఓబులేసుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఎడమకాలికి అంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది.

చివరికి ఒకరోజు ఆయన అసలు దిగలేదు. ఆస్పత్రి నుంచి బయల్దేరి, చుట్టూ తిరిగి మళ్ళీ ఆస్పత్రికే వచ్చారు. ఓబులేసు ఛాతీ ఉబ్బింది.

"ఎట్లుంది మామా?"

"ఏది?" అన్నాడు ఖాదర్ మామ.

ఆ మరునాడు డాక్టరమ్మ పేషెంట్లను ఎక్కించింది. అంతా పెద్దవాళ్ళు, కంటికి కట్టు, దాని మీద నల్ల అద్దాలు. వాళ్ళలో సుంకులమ్మ అనే అవ్వకు రెండో కన్ను కూడా మసకే. ఖాదర్ మామ ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి ఎక్కించి, దిండ్లు సర్ది, తను ముందు కూర్చున్నాడు. ఓబులేసుకు భయం లేదు. కాలు తన మాట వింటుందని అతనికి తెలుసు.

రోడ్డు మాత్రం మంచిది కాదు. ఒక మలుపు తిరగ్గానే దూరంగా దుమ్ము లేచింది. గొర్రెల మంద అడ్డం వస్తోంది. పాత ఓబులేసైతే హారను మోగించి, దగ్గరికి పోయి, బ్రేకు మీద నిలబడేవాడు. ఇప్పుడు దుమ్ము చూసినప్పుడే కుడికాలు సడలించాడు. గేరు తర్వాత గేరు దించుకుంటూ వచ్చి, మంద చేరేసరికి కారును నడక వేగానికి తెచ్చాడు. గొర్రెలు రెండు పక్కలా ఒరుసుకుంటూ పోయాయి. వెనక ఎవరో తమ కోడలి గురించి చెబుతున్న సంగతి ఎక్కడా తెగలేదు.

సుంకులమ్మ ఇంటి ముందు కారు నిలిచింది. అవ్వ కదల్లేదు.

"దిగమ్మా, ఊరొచ్చింది" అన్నాడు ఖాదర్ మామ తలుపు తీసి.

"అప్పుడేనా?" అంటూ ఆమె తడుముకొని ఆయన చెయ్యి అందుకుంది. దాన్ని తన నెత్తిన పెట్టుకుంది. "ఆస్పత్రికి పిల్చుకొని పోయినప్పుడు ఎట్ల తోలినావో, ఇప్పుడూ అట్లే తోలినావు సాయిబూ. నీ చెయ్యి సల్లగుండ."

"సరేమ్మా. చుక్కల మందు మర్సిపోకుండా ఏసుకో" అన్నాడు ఖాదర్ మామ.

ఓబులేసుకు ఒళ్ళు మండింది. అందరినీ దించేదాకా పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు. ఖాళీ కారు కదిరి దారి పట్టాక ఇక ఉండబట్టలేకపోయాడు.

"తోలింది నేను గదా మామా. ఆమెకు ఒక్క మాట చెప్పుంటే నీ సొమ్మేం పోయేది?"

ఖాదర్ మామ కాళ్ళు చాపుకొని, మోకాలు నిమురుకున్నాడు.

"తోలేటోడు మారినట్టు ఆమెకు తెలియలే గదా."

"అదే మామా నా బాధ."

"అందుకే రేపట్నుంచి నేను రాను" అన్నాడు ఖాదర్ మామ. "నువ్వొక్కడివే పో."