ఈదమ్మ ఎడం

ఊఁ కొట్టేవాళ్ళు ముందుకు జరగండి, కునికేవాళ్ళు వెనక్కి జరగండి. చెబుతున్నా.

ఇది మా తాత పుట్టకముందు మాట. ఆయన తాతకు కూడా ఇది విన్న కథే. కొండలకింకా ఎవరూ పేర్లు పెట్టని కాలం. అప్పుడు ఎర్రమట్టి దిబ్బల మీద, కంపచెట్ల నడుమ, ఒక గొర్రెల మంద తిరుగుతుండేది. మంద అంటే ఒట్టి గొర్రెలే కాదు. వాటిని కాసేవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, పిల్లాజెల్లా, కాపలా కుక్కలు, అందరూ కలిస్తేనే మంద. ఎండాకాలమంతా దిబ్బల మీద. వానలు పడగానే కనుమ దాటి కొండమీది గడ్డికి. అదే వాళ్ళ బతుకు.

ఆ మందలో ఈదమ్మ అని ఒక ముసలామె ఉండేది. మొగుడు లేడు. బిడ్డలు లేరు. సొంతానికి ఒక్క గొర్రెపిల్ల కూడా లేదు. మంద నడిచిపోయాక కంపకు చిక్కుకున్న ఉన్ని ఏరుకొచ్చి, దారం వడికేది. ఆ దారం తీసుకున్నవాళ్ళు ఆమెకో జొన్న రొట్టె పెట్టేవాళ్ళు. "ఎట్లా బతుకుతున్నావవ్వా?" అని ఎవరైనా అడిగితే, "ముళ్ళు పెట్టింది తింటున్నాలే" అని నవ్వేది.

అదే మందలో కాటుక అని ఒక ఆడకుక్క. కళ్ళ చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి గీత ఉండేది, అందుకని ఆ పేరు. అది పిల్లగా ఉన్నప్పుడు, వాగు అవతలి గట్టున మేసే ఇంకో మంద కుక్కలు దాన్ని చుట్టుముట్టి, కిందేసి తొక్కి, కొరికి వదిలాయి. పుండ్లు మానాయి. భయం మానలేదు.

కాటుక ఎదిగి పెద్దదయింది. పాముకు జడవదు. పొట్టేలు కొమ్ము విసిరినా జడవదు. పిడుగు పడినా జడవదు. కుక్క కనబడితే మాత్రం తోక కడుపు కిందికి ముడుచుకుని, ఏ పొద దొరికితే ఆ పొదలో దూరి వణికేది. సొంత మంద కుక్కలైనా అంతే.

"కుక్కను చూసి జడిసే కుక్కంట!" అని అందరూ నవ్వేవాళ్ళు.

నవ్వుతో పోయుంటే కథే లేదు. అది తోడేళ్ళ సీమ. తోడేలు వచ్చిందంటే కుక్కలన్నీ ఒక్క వరసలో నిలబడాలి. ఒక్క కుక్క పారిపోయినా ఆ సందులోంచి తోడేలు దూరుతుంది. మంద పెద్ద చౌడప్ప చెడ్డవాడేం కాదు, కానీ అన్ని ప్రాణాల బరువూ అతని మీదే ఉంది. ఒక పొద్దున అందరినీ పిలిచి చెప్పాడు.

"వానలు పడతానే మనం కనుమ దాటాల. ఆలోపల ఇది కుక్కల్లో కలిస్తే సరి. లేదంటే ఈడనే విడిచిపోతాం."

విడిచిపోవడమంటే ఏమిటో అందరికీ తెలుసు. ఒంటరి కుక్క తోడేళ్ళకు ఒక పూట తిండి.

ఈదమ్మ కదురు పక్కనపెట్టి లేచింది. "దాన్ని నాకియ్యి నాయనా."

"నువ్వేం చేస్తావవ్వా?"

"ఏం చెయ్యాలో నాకూ తెలీదు. తెలిసేదాకా చేస్తా."

మొదట ఆమె కాటుకను ముద్దు చేసి, రెండు చేతులా వాటేసుకుని, కుక్కల మధ్యకు తీసుకుపోయింది. నేనున్నాను కదా అని ధైర్యం చెప్పింది. కాటుక గింజుకుంది, పెనుగులాడింది, చివరకు ఆమె మణికట్టు కొరికి పారిపోయింది.

ఆ తర్వాత కర్ర పట్టుకుంది. దగ్గరికొచ్చిన ప్రతి కుక్కనూ అదిలించి తరిమింది. అవ్వ కేకలు విని కాటుక ఇంకా బిగుసుకుపోయింది. అవ్వకు కూడా కుక్కలంటే భయమేననుకుంది పాపం.

మూడోసారి ఈదమ్మకు ఏమీ తోచలేదు. కాటుక మెడకు తాడు కట్టి, మందకు దూరంగా ఒక దిబ్బ ఎక్కి, ఉన్ని ముందేసుకుని కూచుంది. కింద కుక్కలు చీమలంత కనబడుతున్నాయి. కాటుక చెవులు నిక్కబొడిచి వాటినే చూస్తోంది. చూస్తోంది గానీ వణకడం లేదు! ఈదమ్మ కొంగులోంచి రొట్టె ముక్క తుంచి ఇచ్చింది. కుక్క కంటబడితే నీళ్ళు కూడా ముట్టని కాటుక, ఆ ముక్క తిన్నది.

"ఓసి నా తల్లీ!" అంది ఈదమ్మ. "నీకు కావలసింది కొంచెం ఎడమా!"

ఆనాటి నుంచీ అదే పని. పొద్దెక్కగానే దిబ్బ మీదికి పోవడం, కూచోవడం, దారం వడకడం. కాటుక కింది కుక్కలవైపు చూస్తే ఒక ముక్క. మళ్ళీ చూస్తే మళ్ళీ ఒక ముక్క. దాని తోక వదులైనప్పుడు ఈదమ్మ ఒక రాయి కిందికి దిగి కూచునేది. తోక ముడుచుకుంటే ఒక రాయి పైకి ఎక్కేది. తాడు ఎప్పుడూ లాగేది కాదు. ఒకటే మాట అనేది.

"తొందరేముంది తల్లీ? నువ్వు కదిలితే నేను కదులుతా."

ఆ ముక్కలన్నీ ఆమె తినవలసిన రొట్టెలోవే. ఈదమ్మ చిక్కి సగమైంది. కాటుక సగం దిబ్బ దిగింది.

చౌడప్ప బావమరిది మారెన్నకు ఇదంతా చూసి విసుగొచ్చింది. "ముసలిదాని పని ముసలి పనే. నీళ్ళలో తోస్తే ఈత అదే వస్తాది" అన్నాడు. ఈదమ్మ ఉన్ని ఏరుకోవడానికి పోయిన సమయం చూసి, కాటుకను తాడు పట్టి ఈడ్చుకుపోయి, కుక్కలన్నీ సంగటి తినే చోట నడిమధ్యన వదిలాడు. తిండి దగ్గర కుక్కలు ఊరుకుంటాయా? అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. కాటుక తాడు తెంపుకుని, అరుచుకుంటూ పోయి ఒక బండ సందులో దూరింది. మళ్ళీ బయటికి రాలేదు.

ఈదమ్మ వచ్చింది. బండకు కొంచెం ఎడంగా కూచుని కదురు తిప్పింది. పిలవలేదు. చెయ్యి చాపలేదు. తెచ్చిన రొట్టె రాయి మీద పెట్టి, ఎటో చూస్తూ వడుకుతూనే ఉంది.

"తొందరేముంది తల్లీ? నువ్వు కదిలితే నేను కదులుతా."

ఎండ పోయింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. అప్పుడు చీకటి సందులోంచి ఒక ముక్కు బయటికొచ్చింది.

మందలోని ఆడవాళ్ళు జాలిపడ్డారు. "మళ్ళీ మొదటికొచ్చె గదవ్వా!"

"తెలిసిన దారే గదమ్మా. ఈ తూరి తొందరగా నడుస్తాం" అని ఈదమ్మ కాటుకతో దిబ్బ ఎక్కింది.

నిజంగానే తొందరగా దిగారు. చివరి రాయి దాకా వచ్చాక ఈదమ్మ చౌడప్పను అడిగి ఎర్రక్కను తెచ్చుకుంది. ఎర్రక్క మందలో అన్నిటికంటే ముసలి కుక్క. పళ్ళు ఊడిపోయాయి, కోపం కూడా వాటితోనే పోయింది. కంపచెట్ల వరసకు ఆ పక్కన ఎర్రక్క, ఈ పక్కన కాటుక, ఇద్దరూ ఒకే దిక్కుకు నడవాలి. ఎదురెదురుగా కాదు, పక్కపక్కన. ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేదు. నడిస్తే చాలు. అట్లా చాలా పొద్దులు నడిచారు. ఒకనాడు కాటుక కంపల చివర దాకా పోయి, తల వంచుకుని, నేల వాసన చూస్తూ, చుట్టు తిరిగి వచ్చి ఎర్రక్క డొక్క వాసన చూసింది. ఎర్రక్క తోక ఒక్కసారి ఊపింది. అంతే.

ఈదమ్మ కొంగుతో మొహం కప్పుకుని చాలాసేపు ఏడ్చింది. అది సంతోషం ఏడుపు.

ఎర్రక్క తర్వాత ఇంకో కుక్క. దాని తర్వాత ఇంకొకటి. వానలు మొదలయ్యే నాటికి కాటుక సొంత మంద కుక్కల నడుమ కాళ్ళు చాపుకుని పడుకుంది. చౌడప్ప చూసి తలూపాడు. మారెన్న మాత్రం, "మనవాటితో కలిసిందిలే. దాన్ని కరిచిన అవతలి మంద ఎదురైతే చూడాల" అన్నాడు.

ఆ మాట అన్నాక ఎన్నో పొద్దులు పోలేదు.

సన్నటి జల్లు పడుతున్న ఉదయం మంద కనుమలోకి నడిచింది. రెండు కొండల మధ్య ఇరుకు దారి, నడుమ వాగు, అంతా మంచు. గొర్రెపిల్లలు ఎప్పుడూ అన్నిటికంటే వెనక నడుస్తాయి. ఈదమ్మ ఆ పిల్లల వెనకే ఉంది. కాటుక ఆమె పక్కనుంది, దాని తాడు ఆమె చేతికి చుట్టి ఉంది. సరిగ్గా అప్పుడే అవతలి మంద కూడా వాగుకు ఆ గట్టున, అదే దిక్కుకు కనుమలోకి దిగింది. ముందున్న కుక్కలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. అంతే, రెండు మందల కుక్కలూ కలియబడ్డాయి. అరుపులు, కర్రలు, తిట్లు. కాపరులందరూ అటే పరుగెత్తారు.

వెనక గొర్రెపిల్లల దగ్గర ఒక ముసలామె, ఒక కుక్క మిగిలారు.

తోడేళ్ళు ఆ సందు కోసమే కాచుకున్నట్టున్నాయి. మంచులోంచి ఒకటి వచ్చింది. బండ వెనకనుంచి ఇంకొకటి. వాగులోంచి మరొకటి. ఈదమ్మ గొంగడి విప్పి గాల్లో ఝాడిస్తూ, కర్రతో బండను కొడుతూ, పిల్లలకు అడ్డం నిలబడింది. కాటుక గొంతు చించుకుని అరిచింది. కొట్లాట గోలలో ఆ అరుపు ఎవరికీ వినబడలేదు.

దగ్గరలో ఉన్నవి రెండే రెండు కుక్కలు. అవతలి మంద గొర్రెల వెనక కాపలా నిలబడ్డ పెద్ద కుక్కలు, మెడకు ముళ్ళ పట్టీలు. చిన్నప్పుడు కాటుకను తొక్కినవి అవే. ఒక పక్క తోడేళ్ళు. ఇంకో పక్క అవి. కాటుక తోక కిందికి జారింది. అది ఈదమ్మ మొహంలోకి చూసింది.

ఈదమ్మ చేతికి చుట్టిన తాడు వదిలేసింది.

"నువ్వు కదిలితే నేను కదులుతా తల్లీ!" అని అరిచి, కర్ర ఎత్తి తోడేళ్ళవైపు ఒక అడుగు వేసింది.

కాటుక కదిలింది. ఆ కుక్కల మీదికి సూటిగా పోలేదు. ఎర్రక్క దగ్గరికి పోయినట్టే, తల వంచుకుని, నేల వాసన చూస్తూ, చుట్టు తిరిగి పోయింది. పెద్ద కుక్కల వెంట్రుకలు లేచాయి. గుర్రుమన్నాయి. కాటుక నిలబడింది. పారిపోలేదు. అవి వచ్చి దాని చెవి వాసన చూశాయి, డొక్క వాసన చూశాయి. గుర్రు ఆగింది. ఆగిందో లేదో, కాటుక గిర్రున తిరిగి తోడేళ్ళ మీదికి ఉరికింది. ఆ రెండూ దాని వెనక ఉరికాయి.

ఇప్పుడు చూడండి! నడుమ కాటుక, అటొకటి ఇటొకటి. మూడు కుక్కలు, మూడు గొంతులు, కనుమంతా మారుమోగింది. మొదటి తోడేలు కాటుక చెవి చీల్చింది. కాటుక దాని మెడ పట్టి వాగులోకి విసిరింది. రెండోది ముళ్ళ పట్టీని కరిచి, నోరు చీరుకుని కుయ్యోమంది. మూడోది ఈదమ్మ గొంగడి దెబ్బ తిని, ఎటు పోవాలో తెలీక కొండ ఎక్కింది. ఆ అరుపులు విని ముందు కొట్లాడుకుంటున్న కుక్కలు కూడా కొట్లాట మాని వచ్చిపడ్డాయి. ఏది ఎవరి కుక్కో ఎవరికీ తెలియలేదు. తోడేళ్ళు మాత్రం మళ్ళీ కనబడలేదు.

ఒక్క గొర్రెపిల్ల కూడా పోలేదు.

చౌడప్ప రొప్పుతూ వచ్చాడు. చెవి నుంచి నెత్తురు కారుతూ, ముళ్ళ పట్టీల కుక్కల మధ్య కూచున్న కాటుకను చూశాడు. తలపాగా తీసి చేత పట్టుకున్నాడు.

"అవ్వా, దీన్ని విడిచిపోదామన్న నోరిది" అన్నాడు.

"నోరు కాదు నాయనా, ముందు దాని చెవికి పసుపు చూడు" అంది ఈదమ్మ.

మారెన్న పసుపు తెచ్చాడు. కాటుక దగ్గరికి సూటిగా రాలేదు. కొంచెం ఎడంగా కూచుని, చేతిలో పసుపు పట్టుకుని, అది తనంతట తాను వచ్చేదాకా చూశాడు. చాలాసేపటికి వచ్చింది. ఈదమ్మ నవ్వింది.

ఆ పొద్దు రెండు మందలనూ కనుమ దాటించింది కాపరులు కాదు, ఈదమ్మే. వాగుకు ఈ గట్టున ఒక మందను, ఆ గట్టున ఒక మందను, పక్కపక్కనే నడిపించింది. కుక్కల తోకలు వదులైనాక వాగు దాటనిచ్చింది. సాయంత్రానికి రెండు మందలూ ఒకే గడ్డిమీద మేశాయి. ఆ రాత్రి రెండు మందలవాళ్ళూ ఒకే పొయ్యి మీద వండుకుని, కాటుకకు మొదటి ముద్ద పెట్టి, డప్పు కొట్టి ఆడారు. ఈదమ్మను నడిమధ్య కూచోబెట్టారు. ఆమెకు అంతమంది మధ్యలో కూచోవడం ఎప్పుడూ అలవాటు లేదు. అయినా ఆ పూట లేవలేదు.

తర్వాత చాలా వానలు కురిశాయి. దూరదూరాల మందల నుంచి జడిసిన కుక్కలను ఈదమ్మ దగ్గరికి తోలుకొచ్చేవాళ్ళు. ఎవరినీ కాదనలేదు. కాటుక పిల్లల్ని పెట్టింది, ఆ పిల్లలు మళ్ళీ పిల్లల్ని పెట్టాయి. ఒక చలికాలం ఉదయం, కదురు ఒళ్ళో ఉండగానే ఈదమ్మ కన్నుమూసింది. కనుమ పక్కన ఆమెను పూడ్చారు. రెండు మందలవాళ్ళూ మట్టి వేశారు.

ఆ సీమలో ఇప్పటికీ రెండు మందలు దారిలో ఎదురైతే, ఒక కాపరి చెయ్యెత్తి "ఈదమ్మ ఎడం!" అని కేకేస్తాడు. అవతలివాడు "ఇచ్చినాం!" అని బదులిస్తాడు. కుక్కలను పక్కపక్కన నడిపించి గానీ కలవనివ్వరు.

కాపరులే కాదు. ఆ ఊళ్ళలో కొత్త కోడలు కాపురానికి వచ్చిన నాడు, పిల్లలంతా ఎగబడి చుట్టూ మూగుతారు కదా, అప్పుడు ఇంట్లో పెద్దావిడ వాళ్ళను తోలేస్తుంది. "దూరం జరగండే! ఈదమ్మ ఎడం ఇయ్యండి." కోడలి ముందు రొట్టె పెట్టి ఎవరి పనికి వాళ్ళు పోతారు. ఆ పిల్ల ఒంటరిగా కూచుంటుంది, చూస్తుంది, ఎప్పటికో లేచి తనంతట తానే పొయ్యి దగ్గరికొస్తుంది. అప్పుడు కూడా ఎవరూ తల తిప్పి చూడరు. పొయ్యి ముందున్న ఆడవాళ్ళలో ఒకామె కొంచెం జరిగి చోటిస్తుంది, అంతే.