ఎడమకు తిరగని చుక్క

సంస్థానం గుర్రపుశాలలో రౌతులకు స్వారీ నేర్పే మాచన్నకు ఒక అలవాటుండేది. ఎవరైనా వచ్చి గుర్రం మీద చాడీలు చెబితే, ఆయన చెప్పినవాడికేసి చూడకుండా గుర్రం చెవి దగ్గరికి వంగి, "అవునా తల్లీ?" అని అడిగేవాడు. కొత్త శిష్యులు ముసిముసిగా నవ్వుకునేవారు. పాతవాళ్లు నవ్వేవారు కాదు, వాళ్ల వంతు ఎప్పుడో అయిపోయింది.

ఆ ఉదయం వచ్చిన శిష్యుడు కొండమరాజు నవ్వే స్థితిలో లేడు. వాడి చేతిలో చుక్క అనే ఆడగుర్రం కళ్లెం ఉంది. పిల్లగా ఉన్నప్పటి నుంచి దాన్ని మేపింది, తోమింది వాడే. నెల కిందట ఒక ఎడమ మలుపులో వాడు దాని మీది నుంచి కింద పడ్డాడు. అప్పటి నుంచి కుడికి చక్కగా తిరిగే గుర్రం, ఎడమకు తిప్పితే చాలు, లోపలికి ఒరిగిపోయి, కాళ్లు తడబడి ఆగిపోతోంది. దాని ఎడమ భుజం మీద వెంట్రుకల సుడి ఒకటుంది. సుడులు చూసి గుర్రం జాతకం చెప్పే మనుషులకు అంతకంటే ఏం కావాలి? చెడ్డ సుడి అని శాలంతా తేల్చేసింది. దివాన్జీ కూడా నమ్మేశారు. సాయంత్రం జట్కావాళ్లు వచ్చి చుక్కను తోలుకుపోతారని కబురు పంపారు.

"గురువుగారూ, చెడ్డ సుడికి విరుగుడు ఏమైనా ఉందా?" అని అడిగాడు కొండమరాజు.

మాచన్న అలవాటు ప్రకారం చుక్కను అడగవలసింది అడిగాడు. తర్వాత తలపాగా బిగించుకుని, శిష్యుణ్ణి నేల మీద కూర్చోమన్నాడు. వాడు కూర్చోగానే, ఆ బక్కపలచటి ముసలాయన వాడి భుజాలెక్కి, అటో కాలు ఇటో కాలు వేసుకుని, "ఇక లే. ఆ గుంజ దగ్గర ఎడమకు తిరుగు," అన్నాడు.

గడ్డి వేసేవాళ్లు, నీళ్లు పోసేవాళ్లు పనులు మానేసి చూస్తున్నారు. కొండమరాజు సిగ్గుతో చచ్చిపోతూనే నడిచాడు, గురువు మాట కాదనలేడు కదా. గుంజ దగ్గర వాడు తిరగబోయాడో లేదో, పైనున్నాయన ఎడమ భుజం జారవిడిచి, నడుం వంచి, కింద నేలకేసి తొంగి చూడటం మొదలుపెట్టాడు. వాడి కాళ్లు మెలిపడ్డాయి. పక్కకు తూలిపోయి గుంజను పట్టుకున్నాడు.

"అయ్యా! మీరలా ఒక పక్కకు ఒరిగిపోతే నేనెట్లా తిరిగేది? నిటారుగా కూర్చోండి, ఇద్దరం పడతాం!"

"ఎక్కడ పడతామో చూసుకోవద్దట్రా?" అన్నాడు మాచన్న, ఏమీ ఎరగనట్టు.

పడిన నాటి నుంచి ఎడమ మలుపు వచ్చిన ప్రతిసారీ తన కళ్లు ఎక్కడుంటున్నాయో కొండమరాజుకు అప్పుడు తెలిసింది. గురువును మెల్లగా దించి, చుక్కనెక్కాడు.

"మలుపు అవతల ఏముందో అటు చూడు. రెండు పిర్రలూ జీను మీద సమంగా ఆనించు," అన్నాడు మాచన్న. వాడు భుజాలు సరిచేసుకుని, తలెత్తి, దూరాన ఉన్న కోట గుమ్మం మీద చూపు నిలిపాడు. చుక్క ఒక చెవి వెనక్కి తిప్పింది. కాసేపు అనుమానించింది. తర్వాత ఎడమకు తిరిగింది, తడబడకుండా, హాయిగా. మళ్లీ తిప్పాడు, మళ్లీ తిరిగింది. కొండమరాజు దాని మెడ మీద వాలిపోయి పసివాడిలా ఏడ్చేశాడు. నెల రోజుల బరువు ఒక్కసారిగా దిగిపోయింది వాడికి.

మధ్యాహ్నం దివాన్జీ స్వయంగా వచ్చి చూశారు. జట్కావాళ్లను రావద్దని మనిషిని పంపారు. కొండమరాజు పరుగున వెళ్లి గురువు కాళ్లకు దండం పెట్టి, "మీ చలవ వల్ల నా గుర్రానికి బుద్ధొచ్చింది," అన్నాడు.

మాచన్న కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు నేలకేసి చూసినన్నాళ్లూ నిన్ను నేలకే తీసుకెళ్లింది. అంతకంటే మాట వినే గుర్రం ఎక్కడ దొరుకుతుందిరా?"