నాగేటమ్మ తల్లికి మాడిన గట్క

నాగేటిమిట్టకు వచ్చే భక్తులు రోడ్డు మీద బస్సు దిగి, పత్తిచేల నడుమ గట్టు దారిన కాసేపు నడవాలి. చేల మధ్యలోనే గుడి. ప్రాకారం లేదు, గోపురం లేదు. నాలుగు రాతి స్తంభాల మీద ఒక కప్పు, దాని కింద మోకాలెత్తు నల్లరాయి. ఆ రాయే నాగేటమ్మ. అమ్మవారి ఎడమ భుజం మీద ఏటవాలుగా లోతైన గాటు ఉంటుంది. తెచ్చిన పసుపును భక్తులు ముందుగా ఆ గాటులోనే అద్దుతారు. అమ్మను ఇంత దెబ్బ కొట్టిన పాపాత్ముడెవరని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. కొట్టింది ఈ ఊరి కోడలే. ఆ దెబ్బతోనే అమ్మ వెలిసింది, ఆ దెబ్బతోనే ఊరు బాగుపడింది.

పూర్వం ఇక్కడ ఊరి దొర ఉండే కోటలాంటి గడీ ఉండేది. ఈ చోటును అప్పట్లో బూడిదమిట్ట అనేవారు. మగవాళ్ళు దొర భూమి దున్నాకే తమ మెట్ట చెలక వైపు చూడాలి. ఆడవాళ్ళు దొర వడ్లు దంచాకే తమ పొయ్యి వెలిగించాలి. కూలి మాట ఎత్తకూడదు, అది వెట్టి. ఇక ఇంటికి వస్తే అక్కడ మరో చిన్న గడీ. పగలంతా దొర ముందు చేతులు కట్టుకు నిలబడ్డ మగవాడు ఇంట్లో పీట ఎక్కగానే తానే దొర అయ్యేవాడు. అతను తిని చెయ్యి కడిగాకే ఇంటి కోడలు కుండ అడుగు గీక్కుని తినాలి. బయటి గడీ అందరికీ కనిపించింది. ఇంట్లోది చాలాకాలం ఎవరి కంటా పడలేదు.

సహనానికీ ఒక హద్దుంటుంది. ఊళ్ళో సంఘం పుట్టింది. ఇక వెట్టి చేసేది లేదన్నారు, దున్నినవాళ్ళదే భూమి అన్నారు. దొర పట్నం పారిపోయాడు, జనం మిట్ట భూమిని పంచుకున్నారు. ముత్తవ్వ అనే ఇల్లాలికీ, ఆమె పెనిమిటి రాజలింగానికీ ఈ గుడి ఉన్న చెలకే వంతుకు వచ్చింది. అయితే తోక తొక్కిన పాము ఊరుకుంటుందా? దొర తుపాకులవాళ్ళను వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. వయసు మగవాళ్ళంతా గుట్టల్లోకి వెళ్ళిపోయారు. ఊళ్ళో ఆడవాళ్ళు, పిల్లలు, కర్ర ఊతతో నడిచే ముసలివాళ్ళు మిగిలారు. అప్పుడు దొర చాటింపు వేయించాడు: ఏరువాక పున్నమి దాటేసరికి దున్నకుండా ఉన్న భూమి తిరిగి గడీకి చెందుతుంది.

దొర ధీమా అంతా పాత కట్టుబాటు మీదే. ఆడది విత్తవచ్చు, నాటవచ్చు, కలుపు తీయవచ్చు, కోసిన పంట మోయవచ్చు. నాగటి మేడి మాత్రం పట్టరాదు. పడితే వానలు పోతాయని అందరి నమ్మకం. తుపాకుల కన్నా ఆ నమ్మకమే తనకు ఎక్కువ కాపలా కాస్తుందని దొరకు తెలుసు.

తొలి చినుకులు పడి నేల మెత్తబడింది. ముత్తవ్వ తన మామ బక్కయ్య ముందుకు వచ్చి నిలబడింది. ఊరికి పెద్ద ఆయన. తలపాగా లేకుండా గడప దాటని మనిషి.

"మామా, రేపు నేను నాగలి కడుత."

"పిచ్చి లేసిందా పిల్లా? ఆడది మేడి పడితె మొగులు మొకం తిప్పుకుంటది. ఊరంత ఎండి సస్తది."

"పట్టకపోతె భూమి పోతది. పోయినంక వాన పడితె ఎవ్వని చేన్ల పడ్డట్టు మామా?"

ఇలాంటప్పుడు పెద్దమనుషులు చేసే పనే బక్కయ్యా చేశాడు. మొహం తిప్పుకుని చుట్ట వెలిగించాడు.

పొద్దు పొడవగానే ముత్తవ్వ ఎడ్లను కట్టింది. మేడి పట్టింది. తీరా అదిలిస్తే ఎడ్లు ముందుకు పోకుండా వెనక్కి తిరిగి ఆమె మొహంలోకి చూశాయి. పాపం, వాటి తప్పేముంది? ఆ గొంతు వినిపిస్తే మేత వచ్చినట్టే వాటికి ఇన్నాళ్ళూ. గట్టు మీది ముసలివాళ్ళు పకపకా నవ్వారు. పక్క చెలక వంతుకు వచ్చిన మాదిగవాడ దుర్గవ్వ అది చూసి, ఇంత పచ్చగడ్డి కోసుకుని ఎడ్ల ముందుకు వచ్చింది. "నువ్వు ఎనక పట్టుకో అక్కా, నేను ముందల పిలుస్త" అంది. గడ్డి ముందు నడిచింది, ఎడ్లు దాని వెంట నడిచాయి, నాగలి కదిలింది. సాలు వంకరటింకరగానే పడింది. పడితే చాలదా! చూస్తూ చూస్తూ ఊళ్ళో ఆడవాళ్ళంతా నాగళ్ళు భుజానికెత్తుకుని మిట్టకు వచ్చారు.

అలా దున్నుతుండగా ముత్తవ్వ నాగటి కర్రు ఒకచోట ఖంగుమంది. మట్టి తీసి చూస్తే నల్లని అమ్మవారి రూపు, భుజం మీద తాజా గాటు. ఆడవాళ్ళు కెవ్వున కేకవేసి చేతులు జోడించారు. అంతలో దొర మనిషి గుర్రం మీద వచ్చి అంతా చూశాడు. "నేలంత గెలికి పొక్కిలి జేసిన్రు, బాగనే ఉంది. ఆడది దున్నిన నేలకు వాన రాదు. మొలక ఎండిననాడు భూమి గడీది, మీరు మళ్ల వెట్టికి" అని నవ్వుతూ పోయాడు.

విత్తులు పడ్డాయి. జొన్న మొలకెత్తింది. వాన మాత్రం రాలేదు. మొలకలు వాడుతుంటే ఊళ్ళో గుసగుసలు బయలుదేరాయి. ముత్తవ్వ వల్లే ఊరు మునిగిందన్నారు. ఆమె ఎవరితోనూ వాదించలేదు. తక్కిన ఆడవాళ్ళతో కలిసి వాగులోని చెలమ నుంచి కుండలతో నీళ్ళు మోసి, మొక్క మొక్కకూ పోస్తూ పొద్దంతా చేలోనే ఉండిపోయింది. ఇళ్ళలో పొయ్యి వెలగలేదు.

ఒక మిట్టమధ్యాహ్నం ఆకలితో కునుకు తీస్తున్న బక్కయ్యకు అమ్మవారు కలలో కనిపించింది.

"వెలిసి ఇన్నొద్దులాయె. నాకు ఇంత బువ్వ పెట్టినోళ్లు లేరేందిరా?"

"వండేటోళ్లంత చేన్ల ఉన్నరు తల్లీ."

"నీకు చేతులు లేవా? వండు. నన్ను లేపినామె తిన్నంకనే నేను తింట."

బక్కయ్య ఉలిక్కిపడి లేచాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పొయ్యి ముందు కూర్చున్నాడు. ఎసట్లో నీళ్ళు తక్కువ పోశాడు, ఉప్పు మరిచిపోయాడు. ఊదీ ఊదీ కళ్ళ నిండా పొగ నింపుకున్నాడు. జొన్నరవ్వ గట్క అడుగంటి మాడిపోయింది. కుండ ఎత్తుకోబోతే నెత్తి కాలింది. అప్పుడాయన ఏనాడూ పరుల ముందు తీయని తలపాగా విప్పి, చుట్టకుదురు చేసి, దాని మీద కుండ పెట్టుకుని ఊరి నడివీధిలోంచి చేనికి నడిచాడు.

తొలి ముద్ద తీసి కోడలి ముందు చెయ్యి చాపాడు. ముత్తవ్వ రెండడుగులు వెనక్కి వేసింది. "నువ్వు తినక ముందుగాల నేనెట్ల తింట మామా?"

"ఇన్నేండ్లు నువ్వు వండితె నేను తింటి. ఇయ్యాల నేను వండిన. తిను బిడ్డా."

ఆ పిలుపుకు ఆమె మళ్ళీ ముందుకు వచ్చింది. ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్ళనీళ్ళతోనే ఫక్కున నవ్వింది. "మాడింది మామా. ఉప్పు గూడ లేదు."

ఆ నవ్వు ఆగకముందే గుట్ట వెనక ఉరిమింది. కుండలో మిగిలిన గట్క అమ్మవారి ముందు పెట్టేసరికి వాన దంచికొట్టింది. ఆడవాళ్ళు నాగలి పట్టినందుకు కాదు, మగవాళ్ళు పొయ్యి ముట్టనందుకే అమ్మ అన్నాళ్ళూ వానను ఆపిందని అప్పుడు గాని ఊరికి తెలియలేదు. ఆ ఏడు జొన్న మనిషెత్తు పెరిగింది. దొర మనుషులు కోతకు అడ్డం వస్తే ఆడవాళ్ళు కొడవళ్ళతో, ముసలివాళ్ళు కర్రలతో కలిసి తరిమారు. దొర మళ్ళీ ఈ పొలిమేర తొక్కలేదు.

గుట్టల్లోంచి మగవాళ్ళు తిరిగొచ్చారు. రాజలింగం సంబరంగా చేనికి వచ్చి, అలవాటు కొద్దీ భార్య చేతిలోని మేడి అందుకోబోయాడు. బక్కయ్య కొడుకు చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆగు కొడుకా. నాగలి సంగతి ఆమె చూసుకుంటది. నువ్వు నాతోని పొయ్యి కాడికి రా. గట్క ఎట్ల వండాల్నో నేర్పిస్త."

నేటికీ ఏరువాక పున్నమినాడు నాగేటిమిట్టలో తొలి సాలు ఆడవాళ్ళే దున్నుతారు. ఇళ్ళలో మగవాళ్ళు ఉప్పు లేకుండా గట్క వండి, అడుగంటనిచ్చి, తలపాగా చుట్టకుదురు మీద మోసుకొస్తారు. చక్కగా కుదిరిన గట్క నైవేద్యానికి పనికిరాదు. మామలు కోడళ్ళకు, భర్తలు భార్యలకు తొలి ముద్ద అందించి, వాళ్ళు తిన్నాకే అమ్మకు పెడతారు. ఆ ముద్ద తిన్న ఇంట తగవులు తీరతాయి, చేసిన చేను తప్పక పండుతుంది. భక్తులు సకుటుంబంగా వచ్చి, మగవాళ్ళు ఇక్కడి పొయ్యిల మీద స్వయంగా వండి, అమ్మ దయకు పాత్రులు కావాలి. బియ్యం, జొన్నలు, కట్టెలు గుడి దగ్గరే దొరుకుతాయి. వంట రాదన్న సాకును అమ్మ వినదు.