ఉత్త విసుర్రాయి

పుష్పగిరయ్య వైద్యుడికి ఒక అలవాటుంది. అడిగిన ప్రశ్నకి మాటతో జవాబు చెప్పడు. సంచి భుజానేసుకుని బయటికి నడుస్తాడు. అడిగినవాళ్ళు వెనక వెళ్ళాలి.

ఆయన దగ్గర వైద్యం నేర్చుకుంటున్న కామాక్షి ఒకరోజు అడిగింది. "గురువుగారూ, రాగులు మంచివే, జొన్నలు మంచివే, గోధుమలు మంచివే. అన్నీ మంచివైనప్పుడు పసిబిడ్డకి ఒక్కొక్కటే పెట్టి, నాలుగు రోజులాగి చూసి, అప్పుడు ఇంకోటి పెట్టమంటారేంటి? పాలు మానే పిల్లలు పరీక్షలు రాస్తున్నారా?"

"చెప్పులేసుకో," అన్నాడాయన.

కొండ దాటి ఓబులమ్మ ఇంటికి వెళ్ళారు. ఆ ఇంట్లో రెండేళ్ళ కిందట ఒక పిల్లాడు పోయాడు. ఓబులమ్మ మనవడు, ఆమె కోడలు చెన్నమ్మకి మొదటి కాన్పు. నవగ్రహాల్లో ఒకరికి పెట్టి ఒకరికి మానితే అలుగుతారని, ఆ ఇంట్లో బిడ్డ మొదటి ముద్దకి తొమ్మిది ధాన్యాలూ కలిపి విసిరి జావ కాస్తారు. ఓబులమ్మ అలాగే కాచింది. పేరంటాళ్ళ పాట పూర్తి కాకముందే పిల్లాడి పెదాలు వాచాయి, ఒళ్ళంతా దద్దుర్లు తేలాయి, గొంతులో ఊపిరి ఈల వేసింది. పొద్దు గూకేలోపు అంతా అయిపోయింది. తొమ్మిదిలో ఏది చేసిందో ఎవరికీ తెలీదు.

ఇప్పుడు చెన్నమ్మ ఒళ్ళో ఆడపిల్ల. ఏడో నెల. తల్లిపాలు చాలట్లేదు. ఎవరు తింటున్నా వాళ్ళ నోటివైపే చూస్తోంది, చేతులు పుల్లల్లా ఉన్నాయి.

"పెడితే పోతాదని భయం సామీ," అంది చెన్నమ్మ. "పెట్టకపోయినా పోతాదని తెలుస్తానే ఉంది."

దీపాలు పెట్టే వేళయింది. ఇంట్లో ఎక్కడో గరగరమని సన్నగా చప్పుడు మొదలైంది. మూలన గోనెపట్టా కప్పిన విసుర్రాయి దగ్గర్నుంచి. అందరూ ఇక్కడే ఉన్నారు. అక్కడ ఎవరూ లేరు.

"దినామూ ఈ వేళకి తిరుగుతాది," అంది ఓబులమ్మ, వాన పడుతోందని చెప్పినట్టు. "వాడు పోయినప్పట్నుంచీ. గింజ లేకుండా, ఉత్త రాయే."

పుష్పగిరయ్య లేచి పట్టా తీసేశాడు. "దీన్ని కడగండి. రేపట్నుంచి పని ఉంది."

వాళ్ళు అక్కడే ఉండిపోయారు. మొదట బియ్యం. దోరగా వేయించి, విసిరి, పల్చటి బట్టలో జల్లించి, నీళ్ళలా జారేదాకా ఉడికించారు. "పలుకు తగలకూడదు. గింజ గొంతుకి అడ్డం పడిందంటే మందులేదు," అన్నాడాయన. పొద్దున్నే పెట్టించాడు, ఏం జరిగినా పగటి వెలుగులో కనపడాలని. చెన్నమ్మ గరిటె మధ్యలోనే వెనక్కి లాగేసుకుంటే సగం జావ బిడ్డ గడ్డం మీదే పోయింది. ఏమీ కాలేదు. ఆగారు. తర్వాత మొలకెత్తించి ఎండబెట్టిన రాగులు. ఆగారు. తర్వాత జొన్నలు. బిడ్డ చప్పరించి, గరిటె కోసం చెయ్యి చాపింది. ఆ సాయంత్రం ఓబులమ్మ కోడల్ని ఆటపట్టించింది. "నీకంటే దీనికే ధైర్యం."

కానీ దీపాల వేళకి రాయి మాత్రం తిరుగుతూనే ఉంది.

కామాక్షికి ఓపిక చచ్చిపోయింది. ఆ చప్పుడు భరించలేక, ఎలాగైనా అక్కణ్ణుంచి బయటపడాలనిపించింది. "గురువుగారూ, మిగిలినవి రెండేసి కలిపి పెట్టేద్దామా? బిడ్డ తేరుకుంది కదా." ఆయన వినపడనట్టు గోధుమల చేట ఆమె చేతిలో పెట్టాడు.

పొద్దున్నే, ఎండ గడపలోకి వచ్చాక, కామాక్షి గుప్పెడు గోధుమలు విసుర్రాయి నడుమ కన్నంలో పోసింది. పిడి మీద ఇంకా చెయ్యి వెయ్యలేదు.

బియ్యానికీ, రాగులకీ, జొన్నలకీ దానంతటది కదలని రాయి తిరిగింది. ఒక్క చుట్టు. ఆగింది.

చెన్నమ్మ చంకలో బిడ్డ రాయి పక్కన ఖాళీ నేలని చూస్తోంది. నేలని కాదు. నేలకి కాస్త పైన, ఏడాది నిండని పిల్లాడు చతికిలబడి కూర్చుంటే తల ఎక్కడికొస్తుందో అక్కడ. చూస్తూ చూస్తూ పెదాలు బిగించేసింది.

ఓబులమ్మ తన అరచేతులు చూసుకుంది. "అదేనా సామీ? నా చేత్తో నేను..."

పుష్పగిరయ్య వంగి గోధుమలు గింజ మిగలకుండా ఊడ్చి, సంచిలో వేసుకున్నాడు. ఆ ఖాళీ చోటు వైపు తిరిగి, "సరే నాయనా, తెలిసింది. ఇంక వెళ్ళి ఆడుకో," అన్నాడు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. చెన్నమ్మ చాలాసేపు చెవి రిక్కించి కూర్చుంది. ఆమె ఒళ్ళో బిడ్డ రాగిజావ తాగి నిద్రపోయింది.

తిరిగొస్తూ, కొండ దిగాక కామాక్షి అడిగింది. "గురువుగారూ, రాయి రోజూ తిరుగుతూనే ఉందిగా. వాడు ఇన్నాళ్ళూ చెబుతూనే ఉన్నాడు. మరి ఎవరికీ అర్థం కాలేదేం?"

ఆయన ఆగలేదు, వెనక్కి చూడలేదు.

"మాటలు రాకముందే పోయిన బిడ్డమ్మా. ఒక్కొక్కటే అడిగితే గదా, వాడు తల ఊపగలిగేది."