గీత బయట కూర్చున్న కోడలు

ప్రసూనక్కని వసారాలోనే ఉండనివ్వండి, మీరు పడుకోండి. కాలేజీ చదువూ, అక్కడి వాలీబాల్ ఆటా అయిపోయి ఇంటికొచ్చిన దగ్గర్నుంచి దాని వరస అంతే. కథ చెబుతాను, ఊ కొట్టకపోతే మాత్రం ఆపేస్తాను.

అనగనగా, ఏ రాజుదో గుర్తులేదు గానీ, ఒక రాజ్యంలో నూకరత్నం అని ఒక చెడుగుడు పిల్ల. చెడుగుడంటే మీ కబడ్డీనే. రాజుగారి పాఠశాలకంతటికీ అదే పెద్ద ఆటగత్తె. కూతకెళ్ళిందంటే నలుగుర్ని కొట్టిగానీ తిరిగొచ్చేది కాదు. చదువైంది, పెళ్ళైంది, సన్యాసమ్మ ఇంటికి కోడలై వచ్చింది.

పిలిస్తే పలికేది, చెప్పిన పని చేసేది. పని కాగానే వెళ్ళి గుమ్మం బయట మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేది. తినేది పిచ్చిక తిన్నంత. పెదాలు కదుల్తున్నాయేమిటా అని అత్తగారు చెవొగ్గి వింటే, చెడుగుడు, చెడుగుడు. దెయ్యం పట్టిందన్నారు ఊళ్ళోవాళ్ళు. వాళ్ళకేం, అంటారు. వేపాకు కట్టారు, దిగలేదు. విబూది పెట్టారు, దిగలేదు. నిమ్మకాయ కోశారు, దిగలేదు. నిమ్మకాయ దండగ. ఊ కొడుతున్నారా?

ఆఖరికి భూతవైద్యుడొచ్చాడు, నున్నటి గుండు, ఇంత బొజ్జ. దెయ్యం దిగకపోతే పిల్లని పుట్టింటికి పంపెయ్యాల్సిందేనని వేపమండ ఎత్తాడు. సన్యాసమ్మ అతన్ని ఆగమని, కోడలి పక్కన చతికిలబడి, ఇక్కడెందుకు కూర్చుంటున్నావమ్మా అని అడిగింది. అన్నాళ్ళలో ఆ మాట అడిగింది ఆవిడొక్కతే.

"ఆఖరాటలో అవుటయ్యానత్తా. అవుటైతే గీత బయట కూర్చోవాలి. మనవాళ్ళు అవతలివాళ్ళలో ఒకర్ని కొడితే మళ్ళీ లోపలికి రావచ్చు. ఎవరూ కొట్టకుండానే ఆటైపోయింది, చదువూ అయిపోయింది. నేనింకా బయటే ఉన్నాను."

సన్యాసమ్మ లేచింది. ముగ్గుపిండి తెచ్చి వాకిట్లో గీత గీసింది. భూతవైద్యుణ్ణి అవతల నిలబెట్టి, కుచ్చిళ్ళు పైకి దోపుకుంది. చెడుగుడు చెడుగుడు అని ఆయాసపడుతూ కూతకెళ్ళి, ఆ గుండు మీద ఒక్కటి చరిచి, గీత దాటి వెనక్కొచ్చింది.

"ఆయన అవుటు. నువ్వు లోపలికి రా తల్లీ" అంది.

నూకరత్నం ఏడ్చింది. బాగా ఏడ్చి, లోపలికొచ్చి, రెండు ముద్దలు ఎక్కువ తింది. దాంతో తీరిపోయిందనుకోకండి. మర్నాడు మళ్ళీ గుమ్మం బయటే. అత్తగారు మళ్ళీ పిలిచింది. పిలవగా పిలవగా బయట కూర్చోవడం తగ్గింది. సాయంత్రాలు ఊళ్ళో ఆడపిల్లల్ని పోగేసి కూత నేర్పడం మొదలెట్టింది. అందరికంటే ముందొచ్చింది ఎవరనుకున్నారు, భూతవైద్యుడి కూతురే.

ఆట అయిపోయి వచ్చినవాళ్ళని ఇప్పుడేం చేస్తావని అడక్కూడదర్రా. లోపలికి పిలవాలి. ఒక్కసారి పిలిస్తే రారు.

కథ కంచికి వెళ్ళిపోయింది. మీరింకా పడుకోకండి. ముందు వసారాలోకెళ్ళి మీ అక్కని లోపలికి పిలుచుకు రండి.